అల్‌బెరూనీ పండితుడు

పరదేశపు ఆచారమును తొలిసారి చూచినవానికి కలుగునది ఆశ్చర్యము. ఆ ఆశ్చర్యమునుండి రెండు త్రోవలు చీలును. ఒకటి పరిహాసమునకు పోవును. రెండవది పరిశీలనమునకు పోవును. మొదటి త్రోవ మిక్కిలి సుగమము. దానికి భాష నేర్వనక్కరలేదు, గ్రంథము విప్పనక్కరలేదు. రేవుపట్టణమున నాలుగు దినములు బసచేసి, బండివానితోను వంటవానితోను రెండు మాటలాడిన చాలును. మన దేశమును గూర్చి పాశ్చాత్యులు వ్రాసిన పుస్తకములలో ఈ త్రోవను వెలువడినవి కొల్లలుగా నున్నవి. ఇతర దేశములను గూర్చి మాటాడునపుడు మనవారును ఈ త్రోవను తొక్కనివారు కారు. రెండవ త్రోవ కష్టమైనది. వేయేండ్లకు పూర్వము దానిని ఒంటిగా నడచిన మహాపండితుడొకడు కలడు. అతని పేరు అబూ రైహాన్ మహమ్మదు ఇబ్న్ అహమ్మదు. లోకము అతనిని అల్‌బెరూనీ యని యెరుగును. అతడు చదివిన పరదేశము మన దేశమే. అతనిని మన పొలిమేరకు తెచ్చినది గజనీ మహమ్మదు సైన్యము. ఈ రెండు సంగతులును ఒక్క జీవితమున ఎట్లు ఇమిడెనో పాఠకులకు మనవి చేయుట మా యుద్దేశము.

క్రీ.శ. 973 సంవత్సరము సెప్టెంబరు నెలలో, ఖ్వారిజము దేశపు రాజధానియగు కాథ్ నగరమునొద్ద అతడు జన్మించెను. ఆనాడు అమూ నది ఆరల్ సరస్సును చేరు తావున పరచుకొనియున్న సస్యశ్యామలమైన దేశమది. అందు చాలభాగము నేటి ఉజ్బెకిస్తానులో చేరినది. పారసీకమున బిరూన్ అనగా వెలుపల యని యర్థము. పట్టణపు వెలుపలి పేటలో పుట్టినవాడగుటచే అతనికి ఆ పేరు నిలిచెను. అతని మాతృభాష ఖ్వారిజమీ. శాస్త్రము చెప్పుటకు ఆ భాష చాలదని అతడు చిన్ననాడే గ్రహించి, అరబ్బీ పారసీకములను రెంటిని పరభాషలుగనే శ్రమించి నేర్చెను. విద్యకొరకు పరుల వాకిట నిలుచుట అతనికి బాల్యమునుండియు అలవాటే. రాజవంశమునకు చెందిన గణితశాస్త్రవేత్త అబూ నస్ర్ మన్సూరు అతనికి గురువై, గణితమును జ్యోతిషమును బోధించెను.

ఇరువది రెండవ యేట అతని దేశమున రాజ్యము తారుమారయ్యెను. 995 లో ఉత్తర ఖ్వారిజమునేలు గుర్గంజి ప్రభువు కాథ్ నగరమును పట్టుకొని పాత రాజును చంపించెను. అల్‌బెరూనీ ప్రాణములు దక్కించుకొని పరారియయ్యెను. అయినను రెండేండ్లు తిరుగక పూర్వమే, 997 మే నెల 24 వ తేదీన సంభవించిన చంద్రగ్రహణమును అతడు మరల కాథ్ నగరమునుండియే పరిశీలించెను. అదే రాత్రి అదే గ్రహణమును బాగ్దాదునుండి అబుల్ వఫా యను గణితజ్ఞుడు పరిశీలించునట్లు ఇరువురును ముందే ఏర్పాటు చేసికొనిరి. గ్రహణము పట్టిన క్షణము ఇరువురకును ఒక్కటే. అప్పుడు కాథ్‌లో పొద్దు వేరు, బాగ్దాదులో పొద్దు వేరు. ఆ భేదమునుబట్టి రెండు పట్టణముల నడుమ రేఖాంశాంతరమును గణించిరి. ఇందు జ్యోతిషమునకు మించిన పాఠమొకటి మాకు తోచుచున్నది. చంద్రుడొక్కడే, గ్రహణమొక్కటే, లెక్కలు మాత్రము రెండు. రెండును సత్యములే. నిలిచియున్న చోటు వేరగుటచే లెక్క వేరైనది. దేశాచారముల యెడ ఈ యువకుడు తరువాత పెంపొందించుకొన్న దృష్టికి ఆ రాత్రియే అంకురమని భావించినను తప్పులేదు.

తరువాత అతడు కాస్పియను తీరమునగల జుర్జాన్ ప్రభువు కాబూసు నాశ్రయించి, సుమారు 1000 సంవత్సరమున తన మొదటి మహాగ్రంథమును అతనికి అంకితమిచ్చెను. అది ప్రాచీన జాతుల కాలగణనమును గూర్చినది. పారసీకులు, సోగ్దులు, ఖ్వారిజమీలు, యూదులు, క్రైస్తవులు, యవనులు, అరబ్బులు మున్నగువారి సంవత్సరములు, మాసములు, పండుగలు ఇందు వివరింపబడినవి. దినము ఎప్పుడు మొదలగునన్న ప్రశ్నతోనే గ్రంథము ఆరంభమగును. అరబ్బులకు దినము సూర్యాస్తమయముతో మొదలగును. ఏలయన వారి నెల సంజవేళ కనబడు నెలవంకతో పుట్టును. ఇతర జాతులకు సూర్యోదయముతో మొదలగును. జ్యోతిర్గణితము చేయువారు మధ్యాహ్నమును పట్టుకొందురు. ఒకరు నిజము, తక్కినవారు మూఢులు అని అతడనలేదు. ఎవరు ఏ కారణముచే అట్లు ఎంచిరో చెప్పి, ఒకరి లెక్కను మరియొకరి లెక్కలోనికి మార్చు పద్ధతి చూపెను. ఒక జాతి సంగతి తెలియవలెనన్న ఆ జాతివారినే అడుగవలెననియు, వారి గ్రంథములనే చూడవలెననియు, స్వపక్షాభిమానమును ముందుగా మనస్సునుండి కడిగివేసికొనవలెననియు అతడు ఉపోద్ఘాతముననే నియమము చేసికొనెను. అప్పటికి అతని వయస్సు ఇరువది యేడేండ్లు.

సుమారు 1004 లో అతడు స్వదేశమునకు మరలి, గుర్గంజి ప్రభువైన మామూను కొలువున ఆలోచనకర్తయయ్యెను. వైద్యశాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన ఇబ్న్ సీనాయు కొంతకాలము ఆ కొలువుననే యుండెను. కాని ఆ శాంతి నిలువలేదు. 1017 లో మామూను తన సైన్యము చేతనే హతుడయ్యెను. అతడు గజనీ మహమ్మదునకు మరది. ఆ నెపముతో మహమ్మదు దండెత్తి వచ్చి ఖ్వారిజమును తన రాజ్యమున కలుపుకొనెను. కొల్లసొమ్ముతోపాటు అచ్చటి పండితులును గజనీకి తరలింపబడిరి. వారిలో అల్‌బెరూనీయు ఉండెను, వృద్ధుడైన అతని గురువును ఉండెను. నలువది నాలుగవ యేట ఆ మహాపండితుని స్థితి బందీకిని ఆస్థానపండితునికిని నడుమ నుండునదయ్యెను.

నాటికి మహమ్మదు మన దేశముపై పలుమారులు దాడి వెడలియుండెను. దాడులు మొత్తము పదునేడని ప్రసిద్ధి. పంజాబునకు త్రోవ తెరువబడగా, అల్‌బెరూనీ ఆ త్రోవను వచ్చెను. సైనికులు బంగారము వెదకిన చోట అతడు అక్షాంశములను వెదకెను. పెషావరు, లాహోరు, సియాల్కోట, ముల్తాను మున్నగు తావుల అక్షాంశములను స్వయముగ నిర్ణయించెను. నేడు పాకిస్తానులో చేరియున్న పంజాబు ప్రాంతమున నందన యను కోట కలదు. అచ్చటి కొండ యెత్తును ముందుగా కొలిచి, ఆ కొండ శిఖరమునుండి చూచిన దిఙ్మండలము ఎంత వంగి కనబడునో కొలిచి, ఆ రెండు కొలతలనుండియే భూగోళ వ్యాసార్ధమును గణించెను. అతనికి వచ్చిన ఫలము నేటి లెక్కకు మిక్కిలి చేరువైనదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎడారులను కొలిచి అలసిన పూర్వుల శ్రమ అంతయు ఒక కొండపై ఒక మనుష్యుని లెక్కతో తీరిపోయెను.

భూమిని కొలుచుట అతనికి సులభమే; మనుష్యులను తెలిసికొనుట కష్టమయ్యెను. నలువదియేండ్లు దాటిన పిమ్మట అతడు సంస్కృతమునకు పూనుకొనెను. ఒకే వస్తువునకు పెక్కు పేరులు, ఒకే శబ్దమునకు పెక్కు అర్థములు. అమరకోశము వల్లెవేసిన మన పాఠకులకు ఈ కష్టము విన్నవింప నక్కరలేదు. సంస్కృత ధ్వనులు కొన్ని అరబ్బీ లిపిలో ఇముడవు. లేఖకుల అజాగ్రత్తచే ఒకటి రెండు ప్రతులెత్తునప్పటికి గ్రంథము గుర్తింపరానిదగుచుండెను. శాస్త్రములన్నియు శ్లోకబద్ధములగుటచే ఛందస్సు కొరకు అర్థము మరుగుపడుచుండెను. ఇవన్నియు అతడు తన గ్రంథమున దాపరికము లేక చెప్పుకొనెను. అయినను విడువలేదు. ఎక్కడ పుస్తకమున్నదని వినినను ధనమునకు వెనుదీయక తెప్పించెను. ఆ పుస్తకములను తెలిసిన పండితులను దూరదేశములనుండి పిలిపించుకొనెను.

ఆ పండితులతో అతని సహవాసమును గూర్చి గ్రంథమున చక్కని ఘట్టమొకటి కలదు. మొదట అతడు వారి యెదుట శిష్యునివలె కూర్చుండెను. కొంత తెలిసిన పిమ్మట, గణితసిద్ధాంతములకు ఉపపత్తులు చూపి, కారణములు విప్పి చెప్పనారంభించెను. వారు నివ్వెరపోయిరి. పిదప వారడిగిన ప్రశ్న ఏమన, ఈ విద్యను తమరు ఏ హిందూ గురువునొద్ద నేర్చితిరని. మన దేశమునకు వెలుపల విద్యయుండునన్న తలంపే వారికి రాలేదు. కొందరు అతనిని మాంత్రికుడనిరి. ఈ ఘట్టమును చదివిన ప్రతిమారును మాకు సిగ్గు కలుగుచున్నది. ప్రశ్నలోని యమాయకత్వమునకు నవ్వు వచ్చును. ఆ యమాయకత్వము మన దేశమునకు తెచ్చిన నష్టమును తలచిన నవ్వు నిలిచిపోవును.

అయినను అతడు వారిని తూలనాడి ఊరకుండలేదు. సాంఖ్యమును బోధించు గ్రంథమొకదానిని, పతంజలి యోగమును అరబ్బీలోనికి తెచ్చి తనవారికి అందిచ్చెను. యవనుడగు యూక్లిడ్ రచించిన క్షేత్రగణితమును, టాలమీ జ్యోతిషగ్రంథమును, యంత్రనిర్మాణమును గూర్చి తాను వ్రాసిన దానిని సంస్కృత శ్లోకములుగా కూర్చి మనవారికి అందీయ యత్నించెను. ఒకచేత పుచ్చుకొని మరియొకచేత ఇచ్చిన ఈ వ్యవహారము ఆ దినములలో ఎంత అపురూపమో పాఠకులు ఊహింతురుగాక. అదే త్రోవను అదే కాలమున గుఱ్ఱములు, ఒంటెలు, కొల్లసొమ్ము, బానిసలు ఒక్క దిక్కునకే పోవుచుండిరి.

మన దేశమును గూర్చిన మహాగ్రంథమును అతడు 1030 ప్రాంతమున, మహమ్మదు మరణించిన కొలది కాలమునకు, ముగించెను. అందు ఎనుబది అధ్యాయములు కలవు. భారతీయులు చెప్పు సంగతులలో బుద్ధికి గ్రాహ్యమైనవానిని, గ్రాహ్యముకానివానిని నిజము తేల్చుట యని దాని పేరునకు తాత్పర్యము. గ్రంథము పుట్టిన విధము తెలియదగినది. అబూ సహలు అను మిత్రుడును అతడును ఒకనాడు సంభాషించుచు, పరమతములను గూర్చి వ్రాయువారు ఎదిరివాని మాటను వక్రముగ చెప్పి పిదప ఖండించు దురలవాటును గూర్చి ప్రస్తావించిరి. హిందువులను గూర్చి అరబ్బీలో నున్న వ్రాతలన్నియు ఒకరినిచూచి ఒకరు ఎత్తివ్రాసినవే యని వారికి తేలెను. అందుపై ఆ మిత్రుడు ప్రోత్సహింపగా అల్‌బెరూనీ ఈ కార్యమునకు పూనుకొనెను. ఇది వాదగ్రంథము కాదని అతడు మొదటనే ప్రకటించెను. హిందువుల మతమును హిందువుల మాటలతోనే చెప్పుట, పిదప యవనుల అభిప్రాయములలో సరిపోలునవి చూపుట, తన తీర్పును వేరుగా నుంచుట, ఇదియే అతని పద్ధతి. భగవద్గీత, సాంఖ్యము, యోగము, విష్ణుపురాణము, మత్స్య వాయు పురాణములు, వరాహమిహిరుని బృహత్సంహిత, బ్రహ్మగుప్తుని సిద్ధాంతము మున్నగు గ్రంథములనుండి పుటలకొలది అతడు ఉదాహరించెను.

హిందువులకును తనవారికిని నడుమ అడ్డుగోడ ఏల యేర్పడెనని మొదటి యధ్యాయముననే ప్రశ్నించుకొని, కారణములను వరుసగా చెప్పెను. భాషాభేదము మొదటిది. మతభేదము రెండవది. ఆచారభేదము మూడవది, అన్యదేశీయులనందరను మ్లేచ్ఛులని వెలివేసి, వారి నిప్పును నీరును సైతము అంటరానివని మనవారు తలచుచుండిరి. ఇవికాక, మనవారికి తమ దేశమును మించిన దేశము లేదను గర్వమును చెప్పెను. వీరి పూర్వులు ఇంత సంకుచితులు కారనియు వెంటనే వ్రాసెను. యవనులు మ్లేచ్ఛులైనను జ్యోతిషము తెలిసినవారగుటచే పూజ్యులని వరాహమిహిరుడు ఒప్పుకొనిన సంగతిని ఎత్తి, తమ పెద్దల మాటతోనే మనవారికి సమాధానము చెప్పెను.

అడ్డుగోడకు మరియొక కారణమును అతడు కప్పిపుచ్చలేదు. అది మహమ్మదు దాడి. ఆ దాడులచే ఈ దేశపు ఐశ్వర్యము నాశనమైనదనియు, ప్రజలు ధూళివలె చెదరిపోయిరనియు, అందుచే వారి హృదయములలో తనవారి యెడ తీరని ద్వేషము నాటుకొనెననియు, విద్యలు సైన్యముల చేతికందని కాశ్మీరమునకు, వారణాసికి తరలిపోయెననియు స్పష్టముగా వ్రాసెను. వ్రాసినది గజనీలో. మహమ్మదు సంతతియే సింహాసనముననున్న కాలమున. అతడు మహమ్మదును గౌరవవాచకములతోనే పేర్కొనెను. అయినను ఆ గౌరవవాచకముల ప్రక్కనే ఈ మాటలను నిలిపెను.

సోమనాథమును గూర్చి అతడు వ్రాసినది మా దృష్టిలో గ్రంథమునకు గుండెకాయవంటిది. హిజిరీ 416 లో, అనగా క్రీ.శ. 1025-26 లో, మహమ్మదు సోమనాథలింగమును పగులగొట్టించెను. దాని ముక్కలు గజనీకి చేరినవనియు, ఒకటి అచ్చటి మసీదు వాకిట పడియున్నదనియు అతడు నమోదు చేసెను. అంతటితో ఆగి యుండిన అతడు కేవలము చరిత్రకారుడగును. కాని, ఆ లింగమును మన ప్రజలేల పూజించిరో అతడడిగెను. చంద్రుడు దక్షప్రజాపతి శాపమునకు గురియై క్షయించుట, శివుని లింగమును ప్రతిష్ఠించి శాపోపశమనము పొందుట అను కథను చెప్పెను. సోమనాథుడనగా చంద్రునికి నాథుడని యర్థము విప్పెను. సముద్రపు పోటు చంద్రోదయ చంద్రాస్తమయములతో ముడివడి యుండుటను, ఆ పోటునీరు దేవుని పాదములను కడిగి మరలి పోవుటను వర్ణించి, చంద్రుడే స్వామి సేవకు వచ్చునన్న భక్తుల భావమునకు ఆధారము చూపెను. పగులగొట్టినవాడు అడుగని ప్రశ్నను, అతని కొలువులోని పండితుడు అడిగెను. ఆ పండితుడు విగ్రహారాధనమును నమ్మినవాడు కాడు. నమ్మనిదానిని తెలిసికొనుటయే ఇందలి గొప్ప.

విగ్రహముల సంగతి చెప్పునపుడు అతడు తనవారిని విడువలేదు. చదువుకొన్న హిందువు నిరాకారుడైన ఏకేశ్వరునే ధ్యానించుననియు, విగ్రహము సామాన్యజనులకొరకే యేర్పడినదనియు చెప్పి, ఈ పండిత పామర భేదము ఎల్ల జాతులలోను కలదనెను. మక్కాక్షేత్రపు చిత్తరువునొకదానిని చదువురాని ముసల్మానునకు చూపినచో అతడు ఆనందముతో దానిని ముద్దుపెట్టుకొనునని దృష్టాంతమిచ్చెను. విచిత్రములని తోచిన మన ఆచారములను ఒక అధ్యాయమున పేర్కొని, ఆ చివరనే, ఇస్లామునకు పూర్వము అరబ్బులలోనుండిన దురాచారములను జ్ఞాపకము చేసెను. పరులను తూచిన త్రాసునందే తనవారిని నిలిపి తూచిన గ్రంథకర్తలు ఆనాటనే కాదు, ఏనాటను అరుదు.

కావున అతడు మనలను విమర్శించిన చోట్ల మనము చెవియొగ్గవలసియున్నది. వర్ణభేదము తనవారికిని మనవారికిని నడుమ పెద్ద యడ్డంకి యని అతడు వ్రాసెను. అట్టి భేదములు పూర్వము పారసీకమునను ఉండెనని న్యాయముగ చేర్చెను. నాలుగు వర్ణములకు వెలియైన అంత్యజులను, వారిలోను అడుగున నుంచబడిన డోములను చండాలురను గూర్చి చెప్పెను. మరియొక సంగతి ఇంతకంటెను శోచనీయము. దాడులలో బానిసలుగా చెరపట్టబడి, ఎట్లో తప్పించుకొని స్వదేశము చేరిన హిందువులను మరల కులమున చేర్చుకొందురని అతడు వినియుండెను. నిజము తెలియగోరి బ్రాహ్మణులనడుగగా, అట్టివారికి ప్రాయశ్చిత్తమే లేదని వారు బదులు చెప్పిరి. శత్రువు దేహమును బంధించెను; మనవారు ఇంటి తలుపు మూసిరి. మన రాజ్యాంగము అంటరానితనమును 1950 లో నిషేధించినను, ఆ మూసిన తలుపుల చప్పుడు గ్రామములలో నేటికిని వినబడుచుండుట మన పాఠకులెరుగనిది కాదు.

సత్యము తెలిసియు చెప్పజాలని విద్వాంసుల యెడ అతనికి కోపమును కలదు, జాలియు కలదు. చంద్రగ్రహణమునకు భూచ్ఛాయయే కారణమని బ్రహ్మగుప్తుడు ఎరిగియు, రాహువును కాదన్నవారిని తన సిద్ధాంతమున నిందించెను. లెక్క మాత్రము ఛాయనుబట్టియే కట్టెను. ఈ వైరుధ్యమును అల్‌బెరూనీ తీవ్రముగ ప్రశ్నించి, చివరకు, యవనదేశమున సోక్రటీసునకు పట్టిన గతి తనకు పట్టకుండునట్లు బ్రహ్మగుప్తుడు ఇట్లు చేసియుండునని సమర్థించెను. పరదేశపు పండితుని పిరికితనమునకు సైతము కారణము వెదకి, ఇంకొక దేశపు చరిత్రనుండి దానికి సానుభూతి తెచ్చిన హృదయమిది.

అతనియందును లోపములు కలవు. పంజాబును దాటి అతడు వచ్చినట్లు కానరాదు. కాశ్మీరమును చూడలేదు, వారణాసిని చూడలేదు. బౌద్ధులను గూర్చి చెప్పవలసినచోట, తనకు బౌద్ధగ్రంథముగాని బౌద్ధపండితుడుగాని లభింపలేదని ఒప్పుకొనవలసి వచ్చెను. అతడు చూచిన హిందూదేశము చాలవరకు గ్రంథములలోని దేశము, బ్రాహ్మణపండితులు చెప్పిన దేశము. దున్నువాని మాట, నేయువాని మాట అందు తక్కువ. మన శాస్త్రములలో ముత్యమును మట్టియు వేరుపరుపక కలిపియుంచిరని అతడిచ్చిన తీర్పు కొన్నియెడల కఠినముగ నున్నది. అయినను తెలియనిదానిని తెలియదని చెప్పిన నిజాయితీ ఆ లోపములను చాలవరకు మన్నింపజేయును.

అట్లు వినికిడిచే తెలిసికొనిన దక్షిణదేశములలో మన ఆంధ్రదేశమును కలదు. భారతదేశపు లిపులను లెక్కించుచు, సిద్ధమాతృక, నాగరము, కర్ణాటము, ద్రావిడము, గౌడము మున్నగువానితోపాటు, ఆంధ్రదేశమున వాడబడు ఆంధ్రీలిపిని అతడు పేర్కొనెను. గజనీలో కూర్చున్న ఖ్వారిజమీయుని కలమునుండి మన లిపి పేరు వెలువడిన ఆ 1030 ప్రాంతముననే, రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు రాజ్యము చేయుచుండెను. ఆ శతాబ్దముననే, ఆ రాజు కోరికపై నన్నయభట్టు మహాభారతమును తెనుగు చేయ మొదలిడెను. అక్కడ సంస్కృతమునుండి అరబ్బీలోనికి, ఇక్కడ సంస్కృతమునుండి తెలుగులోనికి, ఇద్దరు మహనీయులు ఒకరినొకరు ఎరుగకయే ఒకే నిధిని త్రవ్విరి. ఈ సంగతి మాకు ఆనందమును విషాదమును కూడ కలిగించుచున్నది. అతడు మన లిపిని పేరు పెట్టి పిలిచెను. అతని లిపిని, అతని దేశమును మనలో ఎవ్వరును పిలిచినట్లు కానరాదు.

మహమ్మదు అనంతరము రాజ్యమునకు వచ్చిన మసూదు విద్యాప్రియుడు. అల్‌బెరూనీ తన జ్యోతిష మహాగ్రంథమును అతని పేర వెలయించెను. అందులకు బహుమానముగా మసూదు ఒక యేనుగు మోయదగిన వెండిని పంపగా, తనకు అక్కర లేదని అతడు త్రిప్పిపంపెనని చెప్పుదురు. తరువాత రత్నములను గూర్చియు, ఓషధులను గూర్చియు గ్రంథములు వ్రాసెను. 1036 లో తన గ్రంథముల పట్టికను తానే కూర్చినప్పటికి అవి నూరు మించియుండెను. వానిలో మనకు దక్కినవి కొన్ని మాత్రమే. ఓషధుల గ్రంథము పూర్తిగా సంస్కరింపబడక మునుపే, 1048 ప్రాంతమున గజనీలో అతడు కాలధర్మము నొందెను.

అతని మరణమును గూర్చి కథ యొకటి ప్రచారమున నున్నది. అవసానదశలో ధర్మశాస్త్రజ్ఞుడగు మిత్రుడొకడు చూడవచ్చెను. ఎగశ్వాసతోనున్న అల్‌బెరూనీ, దాయభాగమునకు సంబంధించి తాము పూర్వము చర్చించిన చిక్కు ఒకదానిని మరల వివరింపుమని కోరెను. ఈ స్థితిలో అది యేలయని మిత్రుడు జాలిపడగా, తెలియక పోవుటకంటె తెలిసి పోవుట మేలుగదా యని భావము వచ్చునట్లు బదులిచ్చెను. మిత్రుడు వివరించెను, అతడు తిరిగి అప్పజెప్పెను. మిత్రుడు వీధి చేరులోపలనే ఇంటిలోనుండి రోదనము వినవచ్చెనట.

అతని గ్రంథము శతాబ్దములు మూలబడి, జర్మను పండితుడగు ఎడ్వర్డు సకౌ పరిశ్రమచే 1887 లో అరబ్బీ మూలముగను, 1888 లో ఆంగ్లానువాదముగను లండనునందు అచ్చుపడెను. అప్పటినుండి ఆనాటి మన దేశచరిత్రకు అది మూలస్తంభమైనది. చంద్రగ్రహణమును చూచి దేశములను కొలిచిన ఆ పండితుని పేరు నేడు చంద్రమండలమునందలి గహ్వరమొకదానికి నిలిచియున్నది.

ఇంత వ్రాయుట పూర్వకథను వినోదార్థము చెప్పుటకు కాదు. దేశములు నేడు ఒకదానికొకటి చేరువైనవి. తెలుగువారు సముద్రములు దాటి అమెరికాలోను, గల్ఫు దేశములలోను, ఆస్ట్రేలియాలోను జీవనము చేయుచున్నారు. చేరువగుట వేరు, ఎరుగుట వేరు. పొరుగున ఇరువదియేండ్లు కాపురముండియు పొరుగువాని పండుగకు అర్థము తెలియనివారు కలరు. అల్‌బెరూనీ జీవితము ఇందుకు మార్గము చూపుచున్నది. పరదేశీయుని భాష నేర్వవలెను. అతని మాటను అతడు తలయూచి ఒప్పుకొనునట్లు చెప్పగలుగవలెను. వింతయని తోచినదానికి కారణమడుగవలెను. తీర్పు చెప్పవలసివచ్చిన, ఆ త్రాసునందు మన ఇంటిని కూడ నుంచవలెను. ఇందుకు మన మతమును విడువనక్కరలేదు, మన దేశాభిమానమును తగ్గించుకొననక్కరలేదు. అతడు తుదిదాక నిష్ఠగల ముసల్మానుగనే యుండెను.

తన దేశమును ధ్వంసము చేసినవాని కొలువున బ్రతుకుచు, ఆ ప్రభువే ధ్వంసము చేసిన మరియొక దేశమును ఓపికతో చదివిన మనుష్యుడతడు. ఏ హిందూ గురువునొద్ద నేర్చితిరని మన పెద్దలు ఆనాడు అతనినడిగిరి. ఏ దేశపు గురువునొద్దనైనను నేర్చెదమని బదులు చెప్పవలసిన వంతు ఇపుడు మనది.